అణునౌకకు కడశీల

దేవాసుర సంగ్రామంలో దశరథుని రథచక్రపు కడశీల ఊడిపోగా, కైకేయి తన వేలినే శీలగా నిలిపి భర్త ప్రాణాలను కాపాడిందన్న కథ తెలుగునాట పండిత పామరులందరికీ తెలిసినదే. ఇరుసు చివర చక్రం జారిపోకుండా బిగించే చిన్న మేకును కడశీల అంటారు. రథం ఎంత దృఢమైనదైనా, గుర్రాలు ఎంత జవసత్త్వాలు కలవైనా, రథికుడు ఎంతటి వీరుడైనా ఆ మేకు లేనిదే చక్రం నిలవదు. యుద్ధభూమి మధ్యలో దానికి బదులుగా మరొక మేకు దొరకదు. పురాణకాలపు రథానికి వచ్చిన ఈ ఆపద ఆధునిక యుద్ధసాధనాలకూ తప్పలేదు. మానవుడు నిర్మించిన యుద్ధనౌకలలో కెల్లా పెద్దవైన అణుశక్తి విమానవాహక నౌకలు సైతం ఒక్క భాగం విరిగిన కారణంగా ప్రయాణం మానుకొని వెనుదిరిగిన సందర్భాలున్నాయి.

విమానవాహక నౌక అంటే సముద్రంపై సంచరించే విమానాశ్రయం. అణుశక్తితో నడిచే మొట్టమొదటి విమానవాహక నౌక పేరు ఎంటర్‌ప్రైజ్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, న్యూపోర్ట్ న్యూస్ నౌకానిర్మాణ కేంద్రంలో తయారై 1961 నవంబరులో సేవలో చేరింది. దాని పొడవు 342 మీటర్లు. దానిలో ఎనిమిది అణు రియాక్టర్లుండేవి. 1964లో ఆ నౌక మరి రెండు అణునౌకలను వెంటబెట్టుకొని, ఎక్కడా ఇంధనం నింపుకోకుండా 65 రోజులలో భూమిని చుట్టివచ్చింది. ఆ తరువాత 1975 నుండి 2009 వరకు నిమిట్జ్ తరగతికి చెందిన పది నౌకలు, 2017లో జెరాల్డ్ ఫోర్డ్ అనే కొత్త తరగతి నౌక అమెరికా నౌకాదళంలో చేరాయి. నిమిట్జ్ తరగతి నౌక ఒక్కొక్కటి సుమారు లక్ష టన్నుల బరువు కలది. విమానదళంతో కలిపి దానిలో ఐదువేల మంది నివసిస్తారు. అమెరికా కాక ఇటువంటి నౌకను నడిపిన దేశం ఫ్రాన్స్ ఒక్కటే. దాని నౌక పేరు చార్లెస్ డి గాల్.

అణునౌక అనగానే యురేనియంలోని శక్తి నేరుగా నౌకను నడుపుతుందని చాలామంది ఊహిస్తారు. నిజానికి అణునౌక కూడా ఒక ఆవిరి నౌకే. రియాక్టరులో యురేనియం పరమాణువులు విచ్ఛిన్నమైనపుడు పుట్టే వేడిని, తీవ్రమైన పీడనంలో ప్రవహించే నీరు గ్రహిస్తుంది. ఆ వేడి నీటి గొట్టాలు వేరొక పాత్రలోని నీటిని ఆవిరిగా మారుస్తాయి. ఈ రెండు నీళ్లూ ఒకదానితో ఒకటి కలవవు. ఆ ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది. టర్బైన్ల అతివేగాన్ని పెద్ద పెద్ద పళ్లచక్రాలు తగ్గించి పొడవైన ఇరుసులకు అందిస్తాయి. ఆ ఇరుసుల చివర నీటిలో తిరిగే మరరెక్కలు, అంటే ప్రొపెల్లర్లు, నౌకను ముందుకు నెడతాయి. బాయిలరులో బొగ్గో, నూనెయో మండించే పాత నౌకకూ దీనికీ భేదం వేడి పుట్టే చోటులోనే ఉంది. అక్కడినుండి కథ అంతా పంపులు, కవాటాలు, గొట్టాలు, బేరింగులదే. ఇవన్నీ అరిగేవే, తుప్పు పట్టేవే.

ఈ సమస్యకు మూలం ఇక్కడే ఉంది. నిమిట్జ్ తరగతి నౌకలో ఒకసారి అమర్చిన ఇంధనం ఇంచుమించు పాతికేళ్లు వస్తుంది. నౌక ఆయుర్దాయం సుమారు యాభై ఏళ్లు. యాభై ఏళ్లలో మనుషులు మూడు తరాలు మారతారు. ఒక కవాటాన్ని తయారుచేసిన కార్ఖానా మూతబడవచ్చు, దాని యజమాని మారవచ్చు, ఆ పని తెలిసిన నిపుణుడు పదవీ విరమణ చేయవచ్చు. ఇంధనం మిగిలి ఉన్నా, దానిని చలనంగా మార్చే యంత్రాంగంలో ఒక భాగం దొరకకపోతే నౌక కదలదు.

చిన్న భాగమే కదా అని ఉపేక్షించటానికి వీలు లేదు. నౌకపై దిగే విమానం తన తోక వద్ద ఉన్న కొక్కెంతో, పైతలానికి అడ్డంగా కట్టిన ఉక్కుతాడును అందుకొని ఆగుతుంది. నూరు పైచిలుకు విమానాలను ఆపిన తరువాత ఆ తాడును తీసివేసి కొత్తది వేస్తారు. పైకి బాగానే కనిపిస్తున్నా దాని ఆయువు తీరినట్లే లెక్క. 2016 మార్చి 18న ఐసెన్‌హోవర్ అనే నౌకపై ఒక నిఘా విమానం దిగుతుండగా ఆ తాడు తెగింది. వేగం తగ్గిన విమానం పైతలం అంచు దాటి సముద్రం వైపు దిగజారి, విమానచోదకుల సమయస్ఫూర్తివల్ల చివరి క్షణంలో మళ్లీ పైకి లేచింది. తెగిన తాడు కొరడావలె విసురుకొని పైతలంపై ఉన్న ఎనిమిది మంది నావికులను గాయపరచింది. తాడును అదుపుచేసే యంత్రాన్ని సరిచేసేటప్పుడు జరిగిన లోపమే ఆ ప్రమాదానికి కారణమని విచారణలో తేలింది. పనివారు అనుసరించవలసిన సూచనలు సైతం తగినంత స్పష్టంగా లేవని ఆ విచారణే చెప్పింది.

అందుచేత నౌక బయలుదేరేటప్పుడే వేలరకాల విడిభాగాలను గోదాములలో నింపుకొంటుంది. విమానాల ఇంజన్లను విప్పి బాగుచేసే కర్మశాల కూడా నౌకలోనే ఉంటుంది. బాగుచేసిన ఇంజన్లను నౌక వెనుక అంచున బిగించి, మంటలు సముద్రం వైపు వెళ్లేటట్లు నడిపి పరీక్షిస్తారు. తమ వద్ద లేని వస్తువు కావలసి వస్తే తీరంనుండి విమానంలో తెప్పిస్తారు. ఎఫ్-35 యుద్ధవిమానం వచ్చిన తరువాత ఇక్కడొక చిక్కు ఏర్పడింది. దాని ఇంజనులోని ప్రధానభాగం పాత సరకు రవాణా విమానంలో పట్టలేదు. ఆ భాగాన్ని మోయగల ఆస్‌ప్రే అనే కొత్త విమానాన్ని 2021లో విమానవాహక నౌకల సేవలో ప్రవేశపెట్టారు. ఒక యంత్రాన్ని కొనటమంటే దాని విడిభాగం ప్రయాణించే దారిని కూడా కొనటమే.

విడిభాగాల విషయంలో అణునౌకల చరిత్రలో మిక్కిలి ఆలోచింపదగిన ఉదంతం ఫ్రాన్స్‌లో జరిగింది. చార్లెస్ డి గాల్ నిర్మాణం 1989లో బ్రెస్ట్ నగరంలో మొదలైంది. ధన కొరతవల్ల పనులు పలుమార్లు మందగించాయి. 2000 సంవత్సరం నవంబరులో, తుది పరీక్షలలో భాగంగా ఆ నౌక అట్లాంటిక్ సముద్రాన్ని దాటి అమెరికా వైపు వెళ్లింది. ఆ ప్రయాణంలోనే దాని రెండు ప్రొపెల్లర్లలో ఒకదాని రెక్క విరిగి సముద్రంలో పడిపోయింది. రియాక్టర్లలో ఏ దోషమూ లేదు. టర్బైన్లు చక్కగా తిరుగుతున్నాయి. అయినా దేశమంతా గర్వంగా ఎదురుచూస్తున్న నౌక మెల్లగా టూలాన్ రేవుకు తిరిగిరావలసి వచ్చింది.

నిపుణులు పరిశీలించగా, రాగి, అల్యూమినియం కలిసిన మిశ్రలోహంతో ఒకే పోతగా పోసిన ఆ ప్రొపెల్లరు మధ్యభాగంలో బుడగలు ఏర్పడినట్లు కనిపించింది. కంచుగంటలు పోసేవారికి ఈ దోషం బాగా తెలుసు. కరిగిన లోహం చల్లారేటప్పుడు లోపల గాలి చిక్కుకొంటే పైకి నునుపుగా ఉన్నా లోపల గుల్లబారుతుంది. గంటకు ఆ దోషముంటే మోగించగానే బయటపడుతుంది. ప్రొపెల్లరు మాత్రం పూర్తి భారం మీద పడేవరకు మౌనంగానే ఉంటుంది. రెండవ ప్రొపెల్లరును, అదనంగా చేయించి దాచిపెట్టిన వాటిని కూడా పరీక్షించారు. వాటిలోనూ అదే దోషం ఉంది. ఆపత్కాలానికని దాచినదే ఆపదకు మూలమైన దోషంతో ఉండటం విధివిలాసమనిపించినా, కారణం సులభంగానే తెలుస్తుంది. అన్నీ ఒకే చోట, ఒకే పద్ధతిలో పోసినవి. ఒకే పోతలో పుట్టిన రెండవ వస్తువు మొదటిదానికి నకలే అవుతుంది, రక్షణ కాదు.

మళ్లీ చేయించుదామంటే వాటిని పోసిన సంస్థ అప్పటికే దివాలా తీసింది. దాని వద్దనున్న రూపకల్పన పత్రాలు, తయారీ పత్రాలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ప్రొపెల్లరు బజారులో దొరికే వస్తువు కాదు. నౌక అడుగుభాగపు ఆకృతి, ఇరుసు తిరిగే వేగం, నీటిలో పుట్టే బుడగలు, శత్రువుకు వినిపించే చప్పుడు మొదలైన అనేక విషయాలను లెక్కించి దాని వంపును నిర్ణయిస్తారు. ఆ లెక్కలు పోతే పని మొదటికి వచ్చినట్లే. చివరకు ఫ్రాన్స్ నౌకాదళం పాత గోదాముల వైపు చూసింది. క్లెమెన్సో, ఫోష్ అనే రెండు పాత విమానవాహక నౌకల కోసం చేసి ఉంచిన అదనపు ప్రొపెల్లర్లు అక్కడ ఉన్నాయి. అవి 1960ల నాటి ఆవిరి నౌకలకు తగినవి. కొత్త అణునౌకకు వాటినే తగిలించారు. 27 నాట్ల వేగంతో పోవలసిన నౌక సుమారు 24 నాట్లకు పరిమితమైంది. ఆ స్థితిలోనే 2001 మే నెలలో సేవలో చేరింది. ఆ ఏటి చివర అఫ్గానిస్తాన్ యుద్ధంలో పాల్గొనటానికి అరేబియా సముద్రానికి వచ్చింది కూడా అరువు తెచ్చుకొన్న ఆ పాదాలతోనే. 2007-08లో ఇంధనం మార్చేందుకు నౌకను ఆపినప్పుడు గాని దానికి తన సొంత ప్రొపెల్లర్లు కొత్తగా అమరలేదు. ఏడేళ్లపాటు కొత్తతరాన్ని పాతతరమే మోసిందన్నమాట.

ఆ రెండు పాత నౌకల కథ అంతటితో ముగియలేదు. ఫోష్‌ను 2000లోనే బ్రెజిల్ కొనుక్కొన్నది. క్లెమెన్సోను ముక్కలు చేయించటానికి మన గుజరాత్ తీరంలోని అలంగ్‌కు పంపుతూ 2005 డిసెంబరు 31న టూలాన్ నుండి బయలుదేరదీశారు. దాని గోడలలో విషతుల్యమైన ఆస్‌బెస్టాస్ పెద్దమొత్తంలో ఉందని, దానిని ఒట్టి చేతులతో విరిచే పేద కూలీల ఊపిరితిత్తులు పాడవుతాయని పర్యావరణవాదులు ఆందోళన చేశారు. మన సుప్రీంకోర్టు ఆ నౌకను దేశ జలాలలోకి రానీయరాదని ఆజ్ఞాపించింది. 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ దానిని వెనుకకు పిలిపించాడు. చివరకు అది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో విచ్ఛిన్నమైంది. ఫోష్‌కు ఏ రేవూ చోటివ్వకపోగా, 2023 ఫిబ్రవరిలో బ్రెజిల్ దానిని అట్లాంటిక్‌లో ముంచివేసింది. కొత్త నౌకకు నడక నిలిపిన వంశపు పెద్దలకు ఇంతటి గతి పట్టింది.

ఫ్రాన్స్ నౌకకు ఎదురైన చిక్కు అమెరికా ఎంటర్‌ప్రైజ్‌కు మరొక రూపంలో ఎదురైంది. ఎంటర్‌ప్రైజ్ తరగతిలో ఆరు నౌకలు కట్టాలని మొదట అనుకొన్నా, వ్యయానికి జడిసి ఒక్కదానితో సరిపెట్టారు. తోబుట్టువులు లేని నౌక కావటంతో దాని భాగాలు మరే నౌకకూ సరిపోయేవి కావు, మరే నౌక భాగాలూ దానికి సరిపోయేవి కావు. వృద్ధాప్యంలో అనేక భాగాలను దానికోసమే ప్రత్యేకంగా మలచవలసి వచ్చేది. 2008లో మొదలైన చివరి పెద్ద మరమ్మతు రెండేళ్లు సాగింది. అంచనాలను దాటిపోయి సుమారు 65 కోట్ల డాలర్లు ఖర్చయింది.

ఈ ఎంటర్‌ప్రైజ్ పేరు తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. 1971 డిసెంబరులో భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం జరుగుతుండగా అమెరికా దానిని బంగాళాఖాతంలోకి పంపింది. అదే సమయంలో అదే సముద్రంలో మన విక్రాంత్ యుద్ధం చేస్తున్నది. రెండూ 1961లో సేవలో చేరిన నౌకలే. విక్రాంత్ బాయిలర్ల డ్రమ్ములలో 1970లోనే పగుళ్లు కనిపించాయి. మార్చవలసిన డ్రమ్ములు మనదేశంలో దొరకవు. వాటిని బ్రిటన్ నుండి తెప్పించవలసి ఉంది. అవి వచ్చేవరకు ఆగటానికి యుద్ధం ఆగదు. మన నావికులు ఆవిరి పీడనం తగ్గించి, తగ్గిన వేగంతోనే నౌకను నడిపించి, కాక్స్‌బజార్, చిట్టగాంగ్ రేవులపై విమానదాడులు జరిపారు. విక్రాంత్‌ను వెదుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. ఎనిమిది రియాక్టర్ల నౌక వచ్చేలోగానే పగిలిన బాయిలరు నౌక తన పని చాలావరకు ముగించింది. అయితే ఆ సాహసం నావికుల ధైర్యానికి నిదర్శనమే గాని, విడిభాగాలు లేకున్నా నౌకలు నడుస్తాయనటానికి కాదు.

కొత్త నౌకలకు ఈ బాధ ఉండదనుకోవటం పొరపాటు. జెరాల్డ్ ఫోర్డ్ నౌకలో, అడుగునున్న ఆయుధాగారం నుండి బాంబులను పైకి చేర్చటానికి పదకొండు లిఫ్టులున్నాయి. 2017లో నౌకను అప్పగించేనాటికి వాటిలో ఒక్కటీ పనిచేయలేదు. చివరి లిఫ్టు సిద్ధమయ్యేసరికి 2021 డిసెంబరు వచ్చింది. ఆ మధ్యకాలంలో విడిభాగాలు చాలక, ఇంకా నిర్మాణంలోనే ఉన్న జాన్ ఎఫ్. కెనడీ అనే చెల్లెలు నౌక కోసం తెచ్చిన భాగాలను తీసి ఫోర్డ్‌కు అమర్చారు. ఒకరి నోటి కూడు తీసి మరొకరికి పెట్టటంవంటి ఈ పద్ధతి అత్యవసరంలో తప్పదు కాని, రెట్టింపు శ్రమతో కూడినది. ఒకే భాగాన్ని రెండుసార్లు విప్పాలి, రెండుసార్లు బిగించాలి. అప్పు తీర్చవలసిన రోజు ఎలాగూ వస్తుంది.

అటువంటప్పుడు తొందరగా దొరికినచోట కొనుక్కోవచ్చును కదా అన్న సందేహం కలుగుతుంది. నౌకలో రియాక్టరుకు సంబంధించిన ప్రతి భాగానికీ పుట్టుపూర్వోత్తరాలు కాగితంపై ఉండాలి. ఏ లోహం, ఏ పోత, ఎవరు పరీక్షించారు, ఏ ఫలితం వచ్చింది అనే వివరాలు లేని భాగం ఎంత మంచిదైనా పనికిరాదు. కాగితమే అబద్ధమాడితే ఏమవుతుందో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక పోతకర్మాగారం ఉదంతం తెలుపుతుంది. అమెరికా జలాంతర్గాములకు ఉక్కు భాగాలు పోసే ఆ కర్మాగారంలో ఒక లోహశాస్త్ర అధికారిణి 1985 నుండి 2017 వరకు దృఢత్వ పరీక్షల ఫలితాలను మార్చి రాసింది. సున్నకు దిగువన 73 డిగ్రీల సెల్సియస్ చలిలో లోహాన్ని పరీక్షించటం అర్థంలేని పని అని ఆమె అభిప్రాయం. 2021లో నేరం ఒప్పుకొన్నది, 2022లో శిక్ష పడింది. ఆ జలాంతర్గాములలో ఏదీ ఆ కారణంగా మునగలేదు. కాని వాటిని భద్రంగా నడుపుకోవటానికి నౌకాదళం అదనపు వ్యయప్రయాసలు పడవలసి వచ్చింది. నియమం వ్యర్థమనిపిస్తే మార్చమని అడగవచ్చు. పాటించినట్లు నటిస్తే ఆ భారం సముద్రగర్భంలో ఉన్నవారి ప్రాణాలపై పడుతుంది.

సగం ఆయుర్దాయం గడిచిన నౌకను న్యూపోర్ట్ న్యూస్‌కు తెచ్చి, ఇంధనం మార్చి, ఇంచుమించు ప్రతి భాగాన్నీ విప్పి చూస్తారు. జార్జి వాషింగ్టన్ నౌకకు ఈ పని 2017 ఆగస్టులో, సుమారు 280 కోట్ల డాలర్ల ఒప్పందంతో మొదలైంది. నాలుగేళ్లలో ముగియవలసినది 2023 మే వరకు సాగింది. విప్పి చూస్తే గాని ఏ భాగం ఎంత అరిగిందో తెలియకపోవటం ఇటువంటి జాప్యాలకు ఒక ముఖ్యకారణం. ఆ కాలమంతా యువ నావికులు అనేకులు సుత్తిదెబ్బల మోతలో, ధూళిలో, తరచుగా వేడినీరు, విద్యుత్తు లేని స్థితిలో గడిపారు. 2022 ఏప్రిల్‌లో వారం రోజుల వ్యవధిలో ముగ్గురు నావికులు ఆత్మహత్య చేసుకొన్నారు. ఆ మూడు మరణాలకు పరస్పర సంబంధం లేదని ఒక విచారణ తేల్చింది. అయినా మరమ్మతులో ఉన్న నౌకలో నావికుల జీవనస్థితి హీనంగా ఉన్నదని 2023లో వెలువడిన మరొక నివేదిక స్పష్టంగా ఒప్పుకొన్నది. ఆలస్యమైన విడిభాగాల లెక్క డాలర్లలో వేయటం పరిపాటి. దాని మూల్యం చెల్లించేవారిలో ఇరవై ఏళ్ల పిల్లలు కూడా ఉంటారు.

తయారీదారుడు లేకున్నా భాగాన్ని సృష్టించే దారులు కొన్ని ఇప్పుడు తెరచుకొంటున్నాయి. లోహపు పొడిని పొరపొరగా కరిగించి వస్తువును అచ్చువేసే విధానంతో చేసిన ఒక భాగాన్ని 2019 ప్రాంతంలో హ్యారీ ట్రూమన్ నౌకలోని ఆవిరి వ్యవస్థలో బిగించి చూశారు. ఆవిరి గొట్టాలలో చేరే నీటిని తొలగించే చిన్న పరికరమది. ఒక అణునౌకకు ఆ విధంగా అచ్చువేసిన లోహభాగాన్ని నౌకాదళం అంగీకరించటం అదే మొదటిసారి. ప్రొపెల్లరంతటి భాగాలకు ఈ విద్య ఇంకా చాలాదూరంలో ఉంది. పైగా అచ్చువేయటానికైనా సరైన పటం ఉండాలి కదా!

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత నౌకలకూ వర్తిస్తుంది. ఎంటర్‌ప్రైజ్‌ను 2012 డిసెంబరులో విధులనుండి విరమింపజేశారు. 2017లో నౌకాదళ పట్టికనుండి తొలగించారు. అలబామా రాష్ట్రంలోని మొబైల్ రేవులో దానిని విచ్ఛిన్నం చేయటానికి 2025లో ఒప్పందం కుదిరింది. ముప్పై టన్నుల బరువు గల దాని లంగరు అంతకుముందే ఒక నిమిట్జ్ తరగతి నౌకకు చేరింది. దాని దేహంనుండి తీసిన ఉక్కులో కొంత భాగాన్ని, న్యూపోర్ట్ న్యూస్‌లోనే, ఎంటర్‌ప్రైజ్ అన్న అదే పేరుతో రూపుదిద్దుకొంటున్న కొత్త నౌక నిర్మాణంలో వాడారు.